గ్రూపులో చేర్చినా 403 వస్తోంది: డైరెక్టరీ గ్రూపులతో వెబ్‌సైట్ అనుమతులు

గవాక్షం:

అందరికీ నమస్కారం. మా సంస్థలో ఉద్యోగుల కోసం ఒక అంతర్గత వెబ్‌సైటు ఉంది. ప్రకటనలు, సెలవు దరఖాస్తులు అందరికీ తెరిచి ఉండాలి. జీతాల నివేదికలు, కొనుగోలు ఒప్పందాలు మాత్రం కొందరికే కనపడాలి. ఇప్పటివరకు ఆ కొందరి పేర్లను సైటు కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక్కొక్కటిగా రాస్తూ వచ్చాం. ఒకరు వేరే విభాగానికి మారితే పేరు తీసేయమని ఎవరో ఒకరు గుర్తుచేయాలి. గుర్తుచేసేవారు లేకపోతే ఆ పేరు అక్కడే ఉండిపోతుంది. ఈ పద్ధతి మాని, యాక్టివ్ డైరెక్టరీ (సంస్థ వాడుకరులు, గ్రూపుల వివరాలు ఉంచే మైక్రోసాఫ్ట్ సేవ) గ్రూపులను బట్టి అనుమతులు ఇవ్వాలని నిర్ణయించాం.

ముందుగా జీతాల నివేదికల విభాగానికి "అకౌంట్స్" అనే గ్రూపును పెట్టి చూశాం. ఆ గ్రూపులో కొందరు ఇబ్బంది లేకుండా లోపలికి వెళ్తున్నారు. మరికొందరికి 403 (అనుమతి లేదన్న జవాబు) వస్తోంది. గ్రూపును తెరిచి చూస్తే వాళ్లూ అందులో ఉన్నట్టే ఉంది. దీనికి కారణం ఏమై ఉంటుంది? ఇక రెండో సంగతి: రేపు విభాగాలు పెరిగినా గందరగోళం కాకుండా ఉండాలంటే గ్రూపులను ఎలా అమర్చుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రేచుక్క:

గవాక్షం గారూ, మీ సైటు గ్రూపు సభ్యత్వాన్ని ఎక్కడి నుంచి చదువుతోందో ముందు తేలాలి. దారులు రెండు.

విండోస్ లాగిన్‌నే నమ్ముకున్న సైటు అయితే, వాడుకరి టోకెన్‌లో (లాగిన్ అయినప్పుడు తయారయ్యే గుర్తింపు పత్రంలో) ఉన్న గ్రూపులను చూస్తుంది. గ్రూపు లోపల గ్రూపు ఉన్నా టోకెన్ తయారయ్యేటప్పుడే అవన్నీ విప్పబడతాయి. అయితే అది లాగిన్ నాటి సమాచారం. ఉదయం లాగిన్ అయిన మనిషిని మధ్యాహ్నం గ్రూపులో చేర్చితే, అతను లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయ్యేదాకా సైటుకు ఆ సంగతి తెలియదు. కెర్బెరోస్ (విండోస్ లాగిన్ వాడే గుర్తింపు పద్ధతి) టికెట్‌కు మామూలు గడువు 10 గంటలు. కె-లిస్ట్ పర్జ్ ఆదేశంతో పాత టికెట్లను తుడిచేసినా పని జరుగుతుంది కానీ, సాధారణ ఉద్యోగికి మళ్లీ లాగిన్ అవ్వమని చెప్పడమే తేలిక.

రెండో దారిలో సైటు తానే ఎల్‌డాప్ (డైరెక్టరీని ప్రశ్నించే ప్రోటోకాల్) ద్వారా డైరెక్టరీని అడుగుతుంది. ఇక్కడ మార్పు వెంటనే కనపడుతుంది. కానీ లోపలి గ్రూపులు వాటంతట అవి విప్పుకోవు.

మీది ఏ దారి? 403 వస్తున్నవారు "అకౌంట్స్"లో నేరుగా ఉన్నారా, లేక అందులోని మరో గ్రూపులో ఉన్నారా? ఆ గ్రూపు అనుమతుల కోసం చేసిన సెక్యూరిటీ రకమా, మెయిళ్ల కోసం చేసిన డిస్ట్రిబ్యూషన్ రకమా? ఈ మూడింటికీ జవాబిస్తే సగం పని అయినట్టే.

కొత్తచిగురు:

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. కొన్ని సైట్లలో 401 వస్తుంది, కొన్నింటిలో 403 వస్తుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటండీ?

చిరుగంట:

కొత్తచిగురు గారూ, 401 అంటే మీరెవరో సైటుకు తేలలేదు, గుర్తింపు చూపించమని అడుగుతోంది. 403 అంటే మీరెవరో తెలిసింది కానీ ఆ పేజీ చూసే అనుమతి మీకు లేదు. కాబట్టి గవాక్షం గారి సమస్య పాస్‌వర్డుకు సంబంధించినది కాదని ఆ అంకెను చూసే చెప్పవచ్చు.

అన్ని సర్వర్లూ ఈ తేడాను పాటించవు. అపాచీ 2.4 అనే వెబ్ సర్వర్‌లో వాడుకరి పాస్‌వర్డు సరిగ్గానే ఇచ్చి, గ్రూపులో లేకపోతే మామూలుగా 401 పంపుతుంది. బ్రౌజరు మళ్లీ పాస్‌వర్డు అడుగుతుంది. పాపం ఆ మనిషి తన పాస్‌వర్డు తప్పనుకుని అది మార్చుకునేదాకా పోతాడు. ఆథ్‌జెడ్ సెండ్ ఫర్బిడెన్ ఆన్ ఫెయిల్యూర్ అనే డైరెక్టివ్‌ను (కాన్ఫిగరేషన్ ఆదేశాన్ని) ఆన్ చేస్తే 403 వస్తుంది. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో 401.3 కనపడితే వెబ్ నియమాలను తిరగేయడం వృథా. అది ఆ ఫైలుకో ఫోల్డరుకో డిస్కు మీద ఉన్న అనుమతుల సంగతి.

గవాక్షం:

రేచుక్క గారూ, ధన్యవాదాలు. మా డెవలపర్లను అడిగాను. సైటు విండోస్ టోకెన్‌ను చూడటం లేదు. లాగిన్ అయ్యాక ఎల్‌డాప్ ద్వారా వాడుకరి మెంబర్ఆఫ్ (ఏయే గ్రూపుల్లో సభ్యుడో చెప్పే) లక్షణాన్ని చదివి, అందులో "అకౌంట్స్" ఉందా లేదా అని చూస్తోంది. గ్రూపు సెక్యూరిటీ రకమే. అందులో "జీతాలు", "బిల్లులు" అని రెండు లోపలి గ్రూపులున్నాయి. 403 వస్తున్నవారు దాదాపు అందరూ ఈ రెండింటిలోనివారే. అయితే ఇంకో విభాగంలో, లోపలి గ్రూపులేవీ లేని చోట కూడా కొందరికి ఇదే జరుగుతోంది. అది వేరే విషయమో కాదో తెలియదు.

చిరుగంట:

మొదటి ముడి విడిపోయింది. మెంబర్ఆఫ్ లక్షణంలో నేరుగా సభ్యత్వం ఉన్న గ్రూపులే ఉంటాయి. "జీతాలు"లో ఉన్న మనిషికి అక్కడ "జీతాలు" అనే కనపడుతుంది, "అకౌంట్స్" కనపడదు. ఇంకొకటి: ప్రాథమిక గ్రూపు కూడా అందులో ఉండదు. "డొమైన్ యూజర్స్" మామూలుగా అందరికీ ప్రాథమిక గ్రూపు. అందుకే దాన్ని నియమంగా పెట్టి మెంబర్ఆఫ్‌లో వెతికితే ఒక్కరూ దొరకరు.

పరిష్కారాలు రెండు. యాక్టివ్ డైరెక్టరీకి ప్రత్యేకంగా ఒక పోలిక నియమం ఉంది, దాని సంఖ్య 1.2.840.113556.1.4.1941. ఫిల్టరులో మెంబర్ఆఫ్ పక్కన ఈ సంఖ్యను పెడితే ఎన్ని పొరలు లోపల ఉన్నా డైరెక్టరీయే విప్పి చూస్తుంది. దీన్ని డైరెక్టరీ మొత్తం మీద ప్రయోగిస్తే సర్వర్ బరువెక్కుతుంది. వెతుకులాటను ఆ ఒక్క వాడుకరి ఎంట్రీకే పరిమితం చేసి, "ఇతను ఫలానా గ్రూపులో ఏదో ఒక దారిన ఉన్నాడా" అని అడగండి. ఎంట్రీ తిరిగి వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

రెండోది టోకెన్‌గ్రూప్స్ అనే లక్షణం. ఇది డైరెక్టరీలో నిల్వ ఉండదు, అడిగినప్పుడు లెక్కకట్టి ఇస్తుంది. లోపలి గ్రూపులు, ప్రాథమిక గ్రూపు అన్నీ కలిపి సెక్యూరిటీ గ్రూపుల ఎస్ఐడీలను (గుర్తింపు సంఖ్యలను) ఇస్తుంది. ఒక్క ఎంట్రీ మీదే అడగాలన్నది దీని షరతు. నా ఓటు దీనికే. పేర్ల బదులు ఎస్ఐడీలు వస్తాయి కాబట్టి రేపెవరైనా గ్రూపు పేరు మార్చినా సైటు చెదరదు.

రేచుక్క:

చిరుగంట గారి మాటకు ఒక చేర్పు. మెంబర్ఆఫ్ లక్షణం సెక్యూరిటీ గ్రూపు, డిస్ట్రిబ్యూషన్ గ్రూపు అనే తేడా చూపదు, రెండింటినీ ఇస్తుంది. టోకెన్‌లోకి గానీ టోకెన్‌గ్రూప్స్‌లోకి గానీ డిస్ట్రిబ్యూషన్ గ్రూపులు రావు. మెంబర్ఆఫ్‌ను నమ్ముకున్న సైటులో ఎవరైనా పొరపాటున మెయిల్ గ్రూపు పేరు రాసినా తలుపు తెరుచుకుంటుంది. మెయిల్ గ్రూపుల సభ్యత్వాన్ని ఎవరూ భద్రత దృష్టితో చూడరు. కొన్నిచోట్ల ఎవరికి వారే చేరిపోయేలా వాటిని తెరిచి ఉంచుతారు. జీతాల వివరాలకు అలాంటి గ్రూపు కాపలాగా ఉండకూడదు.

కోనేటిరాయి:

విండోస్ లేని చోట పనిచేసేవారి కోసం రెండు ముక్కలు. ఓపెన్‌ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్‌లో ఆ 1941 నియమం ఉండదు. గ్రూపుల నిర్మాణం కూడా వేరు. పోసిక్స్‌గ్రూప్ రకంలో సభ్యుడి లాగిన్ పేరు ఒక్కటే ఉంటుంది. గ్రూప్ఆఫ్‌నేమ్స్ రకంలో సభ్యుడి పూర్తి డీఎన్ (డైరెక్టరీలోని చిరునామా) ఉంటుంది. సైటు ఒకదాన్ని ఆశిస్తుంటే డైరెక్టరీలో రెండోది ఉండటమే నేను చూసిన చాలా ఫిర్యాదులకు మూలం. అపాచీలో గ్రూపు లక్షణం పేరును, అది డీఎన్ అవునా కాదా అన్నదాన్ని రెండు డైరెక్టివ్‌లతో చెప్పాలి. ఆ జత కుదిరితే చాలు. పైగా గ్రూప్ఆఫ్‌నేమ్స్‌లో కనీసం ఒక సభ్యుడైనా ఉండి తీరాలి. చివరి మనిషిని తీసేయబోతే డైరెక్టరీ ఒప్పుకోదు, అందుకే కొందరు నామమాత్రపు సభ్యుడిని ఒకరిని ఉంచుతారు.

మెంబర్ఆఫ్ ఓవర్‌లే (ఓపెన్‌ఎల్‌డాప్‌లో ఆ లక్షణాన్ని రాసే అదనపు భాగం) గురించి కూడా తెలుసుకోండి. అది ఆన్ చేసిన తరువాత జరిగిన మార్పులకే మెంబర్ఆఫ్ రాస్తుంది. అంతకుముందే ఉన్న సభ్యులకు రాయదు. పాతవారిని ఒకసారి తీసి మళ్లీ చేర్చాలి.

డీఎన్‌తో నియమం రాసేవారికి ఇంకో హెచ్చరిక. గ్రూపును ఒక ఓయూ (డైరెక్టరీలో ఫోల్డరు లాంటిది) నుంచి మరో ఓయూకు జరిపితే డీఎన్ మారిపోతుంది. నేను పనిచేసిన ఒకచోట డైరెక్టరీని సర్దుతూ గ్రూపులన్నింటినీ కొత్త ఓయూలోకి జరిపారు. ఆ పూట సైటులో ఏ విభాగమూ ఎవరికీ తెరుచుకోలేదు. సభ్యత్వాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, చిరునామాలే మారాయి.

గవాక్షం:

టోకెన్‌గ్రూప్స్ పద్ధతి పెట్టించాను. జీతాల విభాగం సమస్య పూర్తిగా పోయింది. చిరుగంట గారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

ఇక ఆ రెండో సమస్య. సెలవు దరఖాస్తుల పేజీ "ఉద్యోగులందరూ" గ్రూపును చూస్తుంది. లోపలి గ్రూపులేమీ లేవు, అందరూ నేరుగా సభ్యులే. అయినా కొందరికి 403. ఆ కొందరు ఎవరన్నది రోజూ ఒకేలా ఉంది, మారడం లేదు. ఈ పేజీ కోడు వేరేవారు రాశారు. అది వాడుకరిని కాకుండా గ్రూపును చదివి, మెంబర్ జాబితాలో ఈ పేరు ఉందా అని చూస్తోందట.

రేచుక్క:

గ్రూపులో 1500 మందికి పైగా ఉన్నారా?

గవాక్షం:

ఉన్నారు. మీకెలా తెలిసింది?

రేచుక్క:

విండోస్ సర్వర్ 2003 నుంచి యాక్టివ్ డైరెక్టరీ ఒక లక్షణంలోని విలువలను ఒక విడతలో 1500కు మించి ఇవ్వదు. విండోస్ 2000లో అది 1000 ఉండేది. మిగిలినవి కావాలంటే "0 నుంచి 1499 వరకు ఇచ్చాను, తరువాతివి అడుగు" అన్న సూచన లక్షణం పేరులోనే వస్తుంది. ఆ సూచనను పట్టించుకోని కోడు మొదటి విడతతో ఆగిపోతుంది. రెండో విడతలోనివారికి ఎప్పటికీ 403 తప్పదు. ఎక్కడా ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు. చిన్న గ్రూపులతో పరీక్షించినన్నాళ్లూ అంతా బాగానే కనపడుతుంది కాబట్టి ఈ లోపం సంవత్సరాల తరబడి దాగి ఉండగలదు.

విడతలవారీగా చదివేలా కోడు మార్చవచ్చు. కానీ నేనైతే ఆ దారి వద్దంటాను. ఒక మనిషికి అనుమతి ఉందో లేదో తెలుసుకోవడానికి వేలమంది పేర్లు తెప్పించుకోవడం ఎందుకు? ప్రశ్న మనిషి వైపు నుంచే వేయండి. మొదటి విభాగానికి చేసినదే ఇక్కడా చేస్తే రెండు పేజీలూ ఒకే పద్ధతిలోకి వస్తాయి.

గవాక్షం:

అర్థమైంది. అన్ని పేజీలకూ ఒకే తనిఖీ ఉండేలా మారుస్తున్నాం. ఇప్పుడు నా అసలు ప్రశ్నకు వద్దాం. ఇప్పటికే ఉన్న విభాగాల గ్రూపులను సైటులో నేరుగా వాడుకోవచ్చా, లేక సైటుకోసం వేరే గ్రూపులు చేసుకోవాలా?

రేచుక్క:

వేరే గ్రూపులు చేసుకోండి. నాకు ఇందులో రెండో ఆలోచన లేదు.

"అకౌంట్స్" అనే గ్రూపు ఎవరు ఏ విభాగంలో ఉన్నారో చెబుతుంది. జీతాల నివేదికలను ఎవరు చదవవచ్చు అనేది వేరే ప్రశ్న. ఈ రోజు రెండింటికీ జవాబు ఒకటే కావచ్చు. రేపు అకౌంట్స్ విభాగంలోకి శిక్షణ కోసం ఒకరు వస్తారు. ఫైళ్ల వాటా కోసమో ప్రింటరు కోసమో ఆయనను "అకౌంట్స్"లో చేర్చుతారు. చేర్చే మనిషికి జీతాల నివేదికలు కూడా దీనితోనే తెరుచుకుంటాయని తెలియదు. తెలియాల్సిన అవసరం ఉందని కూడా ఎవరూ చెప్పరు.

అందుకే రెండు అంచెలు పెట్టుకోవాలి. మొదటి అంచె మనుషులది: "విభాగం-అకౌంట్స్", "విభాగం-కొనుగోళ్లు" లాంటివి. ఇవి గ్లోబల్ గ్రూపులు, అంటే ఒక డొమైన్‌లోని (ఒకే నిర్వహణ కింద ఉన్న డైరెక్టరీ భాగంలోని) సభ్యులను కూర్చేవి. రెండో అంచె అనుమతులది: "వెబ్-జీతాలు-చదవడం", "వెబ్-జీతాలు-మార్చడం" లాంటివి. ఇవి డొమైన్ లోకల్ గ్రూపులు, అనుమతులు ఇవ్వడానికి వాడేవి. మనుషులు మొదటి అంచెలో మాత్రమే ఉంటారు. మొదటి అంచె గ్రూపులను రెండో అంచెలో సభ్యులుగా చేర్చుతారు. సైటుకు రెండో అంచె పేర్లు తప్ప ఇంకేమీ తెలియవు. యాక్టివ్ డైరెక్టరీ నిర్వాహకులు ఏజీడీఎల్‌పీ (ఖాతాలు, గ్లోబల్, డొమైన్ లోకల్, అనుమతులు అన్న వరుస) అని పిలిచేది దీన్నే.

శిక్షణకు వచ్చిన మనిషి సంగతి ఇప్పుడు చూడండి. ఆయన కోసం "విభాగం-అకౌంట్స్-శిక్షణ" అని మొదటి అంచెలో ఒక గ్రూపు చేసి, దాన్ని జీతాల అనుమతి గ్రూపులో చేర్చకుండా వదిలేస్తే చాలు. సైటును ముట్టుకునే పని ఉండదు. ఒకటికి మించిన డొమైన్లు ఉన్నచోట యూనివర్సల్ గ్రూపుల ప్రసక్తి వస్తుంది. గవాక్షం గారిది ఒకే డొమైన్ అయితే దాని గురించి ఇప్పుడు ఆలోచించవద్దు.

చిరుగంట:

రేచుక్క గారి పట్ల గౌరవంతోనే విభేదిస్తున్నాను. నాలుగు విభాగాలున్న సైటుకు ఇన్ని గ్రూపులా? ప్రతి విభాగానికీ చదవడం, మార్చడం, ఆమోదించడం అని విడదీస్తే గ్రూపులు పుట్టగొడుగుల్లా మొలుస్తాయి. ఏ గ్రూపు దేనికో తెలియక డైరెక్టరీ నిర్వాహకులే తల పట్టుకుంటారు. "ఆమోదించేవారు", "చదివేవారు" లాంటి పాత్రలు సైటుకు సొంతమైన విషయాలు. సైటులోనే ఒక చిన్న పట్టిక పెట్టి, ఫలానా విభాగం గ్రూపుకు ఫలానా పాత్ర అని రాసుకుంటే సరిపోతుంది. డైరెక్టరీ మనుషులను చూసుకుంటుంది, సైటు పాత్రలను చూసుకుంటుంది.

తామరతూడు:

నేను ప్రవేశ అనుమతుల తనిఖీ చేసే పనిలో ఉంటాను కాబట్టి నా వైపు నుంచి చెబుతాను.

తనిఖీకి వెళ్లినప్పుడు నేను వేసే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఈ రోజు జీతాల నివేదికలను ఎవరెవరు తెరవగలరు? రేచుక్క గారి పద్ధతిలో ఒక్క గ్రూపును విప్పితే పేర్లు వస్తాయి. చిరుగంట గారి పద్ధతిలో సైటు పట్టిక చూసి, అందులోని గ్రూపుల పేర్లు తీసుకుని, డైరెక్టరీకి వెళ్లి వాటిని విప్పాలి. సైట్లు ఇరవై ఉంటే ఇరవై పట్టికలు, ఒక్కో పట్టిక ఒక్కో తీరున. అయినా చిరుగంట గారు చెప్పినదాంట్లో నిజం ఉంది. 1992లో డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ పాత్రల ఆధారిత నియంత్రణను ప్రతిపాదించినప్పటి నుంచీ పాత్ర వేరు, గ్రూపు వేరు అనే చెబుతూ వచ్చారు. గ్రూపు అంటే మనుషుల కూడిక. పాత్ర ఒకవైపు మనుషులను, మరోవైపు పనులను కలుపుతుంది. ఆమోదించడానికి ఎంత మొత్తం వరకు అధికారం ఉంది, ఎవరి దరఖాస్తును ఎవరు చూడాలి లాంటివి డైరెక్టరీ గ్రూపుల్లో ఇమడవు, ఇమిడ్చే ప్రయత్నమూ చేయకూడదు.

నా తీర్పు ఇది: విభాగపు తలుపు దాటవచ్చా లేదా అన్నది డైరెక్టరీలోని అనుమతి గ్రూపు చెప్పాలి. లోపలికి వెళ్లాక ఏ బటన్ నొక్కవచ్చో సైటు చెప్పవచ్చు. సైటు పట్టికలో మాత్రం మనిషి పేరు ఒక్కటీ ఉండకూడదు. "ఈ ఒక్కరికి తాత్కాలికంగా" అని రాసిన వరుస తాత్కాలికంగా ఉండిపోవడం నేనెన్నడూ చూడలేదు.

చిరుగంట:

తలుపు డైరెక్టరీది, బటన్లు సైటువి అంటే నాకు సమ్మతమే. ఆ గీత స్పష్టంగా ఉంది.

తామరతూడు:

ఇంకో మాట, ఇది నాకు అన్నింటికంటే ముఖ్యం. ప్రతి అనుమతి గ్రూపుకూ యజమాని ఉండాలి. ఆ యజమాని కంప్యూటర్ విభాగం మనిషి కాకూడదు. జీతాల నివేదికలు ఎవరు చూడాలో జీతాల విభాగం అధిపతికి తెలుస్తుంది, సర్వర్ చూసుకునే మనిషికి తెలియదు. ఆయన దగ్గరికి వినతి వస్తే కాదనడానికి ఆధారం ఉండదు కాబట్టి చేర్చేస్తాడు. యాక్టివ్ డైరెక్టరీలో మేనేజ్డ్‌బై అనే లక్షణం ఇందుకే ఉంది. అక్కడ అధిపతి పేరు పెట్టి, సభ్యులను మార్చే అధికారం ఇచ్చే గడిలో టిక్ పెడితే ఆయనే చేర్చుకుంటారు, తీసేస్తారు. వివరణ గడిలో ఈ గ్రూపు ఏ సైటులో ఏ విభాగాన్ని తెరుస్తుందో ఒక్క వాక్యం రాయండి. మూడేళ్ల తరువాత ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఆ వాక్యం తప్ప వేరే ఆధారం ఉండదు.

సభ్యత్వ మార్పుల నమోదును కూడా ఆన్ చేయించండి. సెక్యూరిటీ లాగ్‌లో గ్లోబల్ గ్రూపులో చేర్పు 4728గా, తొలగింపు 4729గా పడతాయి. డొమైన్ లోకల్‌కు 4732, 4733. యూనివర్సల్‌కు 4756, 4757. రెండంచెల పద్ధతి పెట్టుకున్నవారు రెండు అంచెలనూ గమనించాలి. రెండో అంచెలో ఒక గ్రూపును చేర్చడమంటే ఒక్క వేటుతో వందమందికి తలుపు తెరవడమే.

తీగెమల్లి:

మాది క్లౌడు. మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ వాడుతున్నాం, 2023కు ముందు అజూర్ ఏడీ అనేవారు కదా, అదే. రెండంచెల పద్ధతి అక్కడ చేయబోతే లోపలి గ్రూపులోనివారికి అప్లికేషన్ తెరుచుకోవడం లేదు. కొందరికేమో టోకెన్‌లో గ్రూపులు అసలే రావడం లేదు.

చిరుగంట:

తీగెమల్లి గారూ, ఎంట్రాలో ఒక అప్లికేషన్‌కు గ్రూపును కేటాయిస్తే అది నేరుగా ఉన్న సభ్యులకే వర్తిస్తుంది, లోపలి గ్రూపులకు దిగదు. అక్కడ రెండంచెలు వదిలేసి, అప్లికేషన్ రోల్స్ పెట్టుకుని, గ్రూపులను ఆ రోల్స్‌కు కేటాయించడం మేలు.

టోకెన్‌లో గ్రూపులు రాకపోవడానికి పరిమితి కారణం. టోకెన్ రూపాలు రెండు: జేడబ్ల్యూటీ టోకెన్‌లో 200, సామ్ల్ టోకెన్‌లో 150 గ్రూపులు దాటితే జాబితా పంపడం మానేస్తుంది. జేడబ్ల్యూటీ అయితే, గ్రాఫ్ (మైక్రోసాఫ్ట్ క్లౌడు సమాచారం అడిగే ఏపీఐ) ద్వారా అడిగి తెలుసుకోమన్న గుర్తు మాత్రం ఇస్తుంది. అంటే గ్రూపులు ఎక్కువగా ఉన్నవారికే, అంటే సాధారణంగా పెద్ద బాధ్యతల్లో ఉన్నవారికే, సైటు తెరుచుకోదు. అప్లికేషన్‌కు కేటాయించిన గ్రూపులనే పంపమని పెట్టే వీలుంది. ముందు అది చేయండి.

రేచుక్క:

ఇలాంటిదే సొంత సర్వర్లలోనూ ఉంది. విండోస్ లాగిన్‌తో నడిచే సైటులో, చాలా గ్రూపుల్లో ఉన్న మనిషికి 400 వస్తుంది, రిక్వెస్ట్ హెడర్ చాలా పొడవుగా ఉందంటుంది. గ్రూపులు పెరిగేకొద్దీ కెర్బెరోస్ టికెట్ పెరుగుతుంది. విండోస్ సర్వర్ 2012 నుంచి టోకెన్‌కు 48,000 బైట్ల దాకా చోటుంది. కానీ వెబ్ సర్వర్ ఒక హెడర్‌కు మామూలుగా 16 కిలోబైట్లే అనుమతిస్తుంది. మ్యాక్స్‌ఫీల్డ్‌లెంగ్త్, మ్యాక్స్‌రిక్వెస్ట్‌బైట్స్ అనే రిజిస్ట్రీ విలువలను పెంచితే పని నడుస్తుంది. ఎవరికీ అక్కరలేని పాత గ్రూపులను తీసేయడమే అసలు వైద్యం.

కొత్తచిగురు:

ఉద్యోగం మానేసిన మనిషి ఖాతాను డైరెక్టరీలో ఆపేస్తే సైటు కూడా వెంటనే మూసుకుపోతుంది కదండీ?

తామరతూడు:

మూసుకుపోదు! ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ధన్యవాదాలు, చాలామంది అడగకుండానే అవునని అనుకుంటారు.

లాగిన్ అయ్యాక సైటు ఒక సెషన్ కుకీ ఇస్తుంది. ఆ తరువాత ప్రతి పేజీకీ డైరెక్టరీని అడగదు, కుకీని నమ్ముతుంది. కుకీ గడువు ఒక వారం ఉంటే, మానేసిన మనిషికి వారంపాటు జీతాల నివేదికలు కనపడే అవకాశం ఉంది. ఖాతాను ఆపినా గ్రూపు సభ్యత్వాలు అలాగే ఉంటాయి. కాబట్టి గ్రూపును మాత్రమే చూసే కోడు ఆగిన ఖాతాను కూడా సభ్యుడిగానే లెక్కిస్తుంది. ఖాతా ఆగి ఉందా అన్నది యూజర్అకౌంట్‌కంట్రోల్ లక్షణంలో విడిగా చూడాలి. సున్నితమైన విభాగాలకు సెషన్ గడువు తక్కువ పెట్టి, గడువులోపల కూడా కొద్ది నిమిషాలకొకసారి సభ్యత్వాన్ని మళ్లీ అడిగేలా చేయాలి.

కోనేటిరాయి:

ఆలస్యాలు డైరెక్టరీ వైపు కూడా ఉంటాయి. అపాచీ ఎల్‌డాప్ క్యాష్ మామూలుగా 600 సెకన్లు పాత జవాబునే ఇస్తుంది. యాక్టివ్ డైరెక్టరీలో వేర్వేరు సైట్ల (ఇక్కడ సైటు అంటే నెట్‌వర్క్ స్థానం, వెబ్‌సైటు కాదు) మధ్య రెప్లికేషన్, అంటే మార్పుల నకలు పంపడం, మొదట్లో 180 నిమిషాలకు అమర్చి ఉంటుంది, 15 నిమిషాలదాకా తగ్గించవచ్చు. సభ్యుడిని తీసేసిన డొమైన్ కంట్రోలర్ (డైరెక్టరీని నడిపే సర్వర్) ఒకటి, వెబ్‌సైటు అడిగే కంట్రోలర్ ఇంకొకటి అయితే ఆ మధ్యకాలం అంతా తలుపు తెరిచే ఉంటుంది. అత్యవసరంగా తొలగించాల్సి వస్తే, సైటు ఏ కంట్రోలర్‌ను అడుగుతుందో అక్కడే మార్పు చేయండి.

చిరుగంట:

కోడు రాసేవారికి మూడు విషయాలు చెప్పి ఊరుకుంటాను. ఖాళీ పాస్‌వర్డుతో ఎల్‌డాప్ బైండ్ (డైరెక్టరీకి లాగిన్) చేస్తే కొన్ని సర్వర్లు దాన్ని అనామక బైండ్‌గా తీసుకుని విజయం అని జవాబిస్తాయి. "బైండ్ అయింది కాబట్టి పాస్‌వర్డు సరైనదే" అనుకునే కోడు పాస్‌వర్డు లేకుండానే ఎవరినైనా లోపలికి పంపుతుంది. ఖాళీ పాస్‌వర్డును డైరెక్టరీదాకా పోనివ్వకండి. వాడుకరి టైపు చేసిన పేరును ఫిల్టరులో పెట్టేముందు బ్రాకెట్లు, నక్షత్రం, బ్యాక్‌స్లాష్, శూన్య అక్షరాలను తప్పక ఎస్కేప్ చేయండి, అంటే వాటికి ప్రత్యేక అర్థం పోయేలా మార్చి రాయండి. చివరగా, డైరెక్టరీ జవాబివ్వకపోతే సైటు ఏం చేయాలో ముందే రాసి ఉంచండి. సున్నితమైన విభాగాలు మూసుకుపోవాలి. ఎర్రర్ వస్తే ఖాళీ జాబితా అనుకుని, ఖాళీ జాబితా అంటే నియమం లేదనుకుని, అందరికీ తెరిచేసిన కోడును నేను కళ్లారా చూశాను.

గవాక్షం:

ఇంత వివరంగా చెప్పిన అందరికీ కృతజ్ఞుడిని. రెండంచెల పద్ధతికే వెళ్తున్నాం. జీతాల విభాగం, కొనుగోలు ఒప్పందాల విభాగం ముందుగా మారాయి. రెండింటికీ ఆయా అధిపతులే యజమానులు. కొనుగోలు అధిపతి గారికి సభ్యుల జాబితా చూపించగానే, అందులో ఎప్పుడో వేరే విభాగాలకు వెళ్లిపోయినవారి పేర్లను ఆయనే గుర్తుపట్టి తీయించారు. మాకెవరికీ తెలియని సంగతి అది. తామరతూడు గారు యజమాని గురించి అంత గట్టిగా ఎందుకు చెప్పారో ఇప్పుడు బాగా తెలిసింది.

ఒక్కటి మిగిలింది. ఏడాది చివరి లెక్కల కోసం బయటి నుంచి వచ్చేవారికి కొద్ది వారాలపాటు అనుమతి ఇవ్వాలి. గడువు తీరగానే సభ్యత్వం దానంతట అదే పోయే ఏర్పాటు ఉందా?

రేచుక్క:

ఉంది. ఫారెస్ట్ (మీ డొమైన్లన్నీ కలిసిన మొత్తం) స్థాయి విండోస్ సర్వర్ 2016 అయి ఉంటే, ప్రివిలేజ్డ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్ అనే ఐచ్ఛిక సదుపాయాన్ని ఆన్ చేసి, సభ్యత్వానికి గడువు పెట్టి చేర్చవచ్చు. సమయం కాగానే డైరెక్టరీయే తీసేస్తుంది. కెర్బెరోస్ టికెట్ గడువు కూడా ఆ మిగిలిన సమయాన్ని మించకుండా కుదించుకుంటుంది. కానీ ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ ఆఫ్ చేయలేరు. అందుకని ముందు పరీక్షా డొమైన్‌లో చూడండి, మీ పైవారి అనుమతి తీసుకోండి.

గవాక్షం:

మా ఫారెస్ట్ స్థాయి ఇంకా 2012 ఆర్2 దగ్గరే ఉంది.

రేచుక్క:

అయితే బయటివారికి విడిగా ఖాతాలు తెరిచి, ఖాతాకే ముగింపు తేదీ పెట్టండి. అకౌంట్‌ఎక్స్‌పైర్స్ లక్షణం పాత స్థాయిల్లోనూ పనిచేస్తుంది. ఆ తేదీ దాటాక కొత్తగా లాగిన్ అవ్వలేరు. అప్పటికే తెరిచి ఉన్న సెషన్ సంగతి తామరతూడు గారు చెప్పారు కాబట్టి, మీరు మధ్యలో మళ్లీ అడిగే తనిఖీలో ఈ తేదీని కూడా చూసేలా డెవలపర్లకు చెప్పండి.